తేలని హత్యలపై డాక్యుమెంటరీ తీయబోయేవారికి కొన్ని జాగ్రత్తలు

నోయిడాలోని నిఠారీ వరుస హత్యల కేసుల్లో మిగిలి ఉన్న చివరి శిక్షను కూడా 2025 నవంబరులో సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్‌పై, అంటే రివ్యూ పిటిషన్ కూడా వీగిపోయాక మిగిలే ఆఖరి పిటిషన్‌పై, రద్దు చేసింది. 2006 డిసెంబరు చివరి రోజుల్లో నోయిడా సెక్టార్ 31లోని ఒక బంగళా వెనుక మురుగుకాలువలో పిల్లల పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. అప్పటి నుంచి ఆ ఇంటి యజమానిని, ఆ ఇంట్లో పనిచేసిన మనిషిని నరరూప రాక్షసులని దేశమంతా నమ్మింది. దాదాపు పంతొమ్మిదేళ్లు గడిచాక, ఆ హత్యలకు దోషి అనదగినవారు చట్టం దృష్టిలో ఎవరూ లేరు. ఈ పంతొమ్మిదేళ్లలో వచ్చిన కథనాలు, చిత్రాలు మాత్రం ఇంకా చూసేవారికి అందుబాటులోనే ఉన్నాయి. వాటిలో చాలావరకు హంతకుడు ఎప్పుడో తేలిపోయాడు.

తెలుగులో ఇలాంటి సిరీస్ తీయాలనుకునే యువకులు కొంతకాలంగా నన్ను సలహా అడుగుతున్నారు. నేను చాలా ఏళ్లు కోర్టు వార్తలు రాశాను. కెమెరాలు, షూటింగ్ అనుమతులు, బడ్జెట్ వంటివి మీకే బాగా తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. మనుషుల బతుకులను పాడుచేయగా నేను కళ్లారా చూసిన తప్పు ఒకటుంది. తేలని కేసుకు ఒక ముగింపు కావాలన్న తొందరలో, నిందితుడికీ దోషికీ మధ్య ఉన్న దూరాన్ని చెరిపివేయడమే ఆ తప్పు. ఈ వ్యాసంలో నిర్దోషులుగా బయటపడినవారి పేర్లు, చనిపోయినవారి పేర్లు నేను ఎక్కడా రాయలేదు. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

చివరి పది నిమిషాలు

నోయిడాలోనే జరిగిన మరో కేసును చూడండి. 2008 మే 16 ఉదయం పద్నాలుగేళ్లు నిండని ఒక బాలిక తన పడకగదిలో హత్యకు గురై కనిపించింది. ఇంట్లో పనిచేసే నేపాలీ మనిషి కనిపించకపోవడంతో అతనే చంపి పారిపోయాడని ఆ రోజంతా చెప్పుకున్నారు. మర్నాడు అదే భవనం మేడపైన అతని శవం దొరికింది. ఆ ఒక్క రోజులో ఎవరైనా చిత్రం పూర్తిచేసి ఉంటే, హత్యకు గురైన మనిషే అందులో హంతకుడై ఉండేవాడు. తరువాత బాలిక తండ్రిని అరెస్టు చేశారు. ఆపైన సీబీఐ మొదటి బృందం మరో ముగ్గురు పనివారిని అనుమానించింది. రెండో బృందం సాక్ష్యం చాలదంటూ కేసు మూసివేతకు నివేదిక ఇస్తే, కోర్టు దాన్ని అంగీకరించక తల్లిదండ్రులిద్దరిపైనా విచారణ జరిపించి 2013 నవంబరులో యావజ్జీవ శిక్ష వేసింది. 2017 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు వారిద్దరినీ నిర్దోషులని ప్రకటించింది. ఇన్ని మలుపుల్లో ఏ మలుపు దగ్గర కెమెరా ఆపినా ఒక కొత్త హంతకుడు దొరికేవాడు.

మన దగ్గరికే వస్తే, 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. మరుసటి ఏడాది ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో అతనికి శిక్ష పడింది. 2017 మార్చి 31న అప్పటి ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసేనాటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ అతను హంతకుడు కాదనే చెబుతూ వచ్చారు. వారి మాట వినిపించిన దానికంటే పోలీసుల కథనం ఎన్నో రెట్లు ఎక్కువగా వినిపించింది.

కాబట్టి ముగింపులో ఎవరినీ వేలెత్తి చూపవద్దు. కోర్టు చూపని వేలు మీరు చూపవద్దు. చూపిన వేలిని పైకోర్టు వెనక్కి తీసుకుందేమో కూడా విడుదల ముందురోజు మరోసారి చూసుకోండి. అప్పీలు పెండింగులో ఉంటే ఆ సంగతి తెర మీద రాయండి.

నేరాంగీకారం

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదని మన చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని కూడా ఎన్నాళ్ల కస్టడీ తరువాత ఇచ్చారో చూడకుండా వాడకూడదు. నిఠారీలో ఆ వాంగ్మూలం దాదాపు అరవై రోజుల పోలీసు కస్టడీ తరువాత నమోదైంది. దేశం నమ్మిన కథకు ప్రధాన ఆధారం అదే. 2023 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు దాన్ని నమ్మదగినదిగా అంగీకరించక, పనివాడు ఉరిశిక్ష ఎదుర్కొంటున్న 12 కేసుల్లోనూ అతణ్ణి విడుదల చేసింది. మత్తుమందు ఇచ్చి ప్రశ్నలు అడిగే నార్కో పరీక్షల వీడియోల సంగతీ అంతే. మనిషి అంగీకారం లేకుండా అలాంటి పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా మత్తులో తడబడుతున్న ఆ మాటలను నిజాలుగా వినిపించే చిత్రాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ ఒప్పుకోలును నటులతో మళ్లీ నటింపజేయడం. చదివిన మాటను ప్రేక్షకుడు అనుమానించగలడు గాని, చీకటి గదిలో కత్తి పట్టిన చేతిని ఒకసారి చూశాక, కింద చిన్న అక్షరాల్లో ‘నాటకీయ రూపకల్పన’ అని ఎన్నిసార్లు వేసినా ఆ బొమ్మ మనసు నుంచి పోదు.

నగరం

పొగమంచు, సగం కట్టిన అపార్టుమెంట్లు, రాత్రిపూట డ్రోన్ షాట్, దాని వెనుక ఒక చెలోవాద్యం. నోయిడా అనగానే ఈ నాలుగూ వచ్చేస్తున్నాయి. ఇలా చూపితే హత్యలు ఆ నగరానికి పట్టిన శాపం లాగా అనిపిస్తాయి, ఎవరు తమ పని చేయకుండా వదిలేశారన్న ప్రశ్న మాయమవుతుంది. నిఠారీ నిజానికి సెక్టార్ల మధ్య మిగిలిపోయిన ఒక ఊరు. పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన కుటుంబాలు అక్కడ ఉండేవి. తమ పిల్లలు కనిపించడం లేదని ఆ తల్లిదండ్రులు నెలల తరబడి మొత్తుకున్నా పోలీసులు పట్టించుకోలేదు. అవయవాల వ్యాపారం కోణాన్ని పరిశీలించాలని ప్రభుత్వ కమిటీ సూచించినా దర్యాప్తు అటు సాగలేదని, పేద పనివాణ్ణి రాక్షసుడిగా చిత్రించే సులువైన దారి పట్టిందని హైకోర్టే వ్యాఖ్యానించింది. మీ కెమెరా మురుగుకాలువ దగ్గర ఎంతసేపు ఆగుతుందో, ఫిర్యాదు తీసుకోని పోలీసు ఠాణా గుమ్మం దగ్గర కూడా అంతసేపు ఆగాలి.

హంతకుడికి ముద్దుపేరు పెట్టవద్దు. 1989లో కలకత్తా పేవ్‌మెంట్ల మీద నిద్రిస్తున్నవారిని ఎవరో తలపై రాళ్లు మోది చంపారు. పత్రికలు పెట్టిన ‘స్టోన్‌మ్యాన్’ అన్న పేరు నేటికీ అందరికీ గుర్తుంది. ఆ హత్యలన్నీ చేసింది ఒక్కరేనా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. పేరు పెట్టగానే ఒకే మనిషి తయారవుతాడు.

ఇక మిగిలినవి ఒక వరుసలో చెబుతాను.

లైంగిక దాడికి గురైన బాధితురాలి పేరు, ఫొటో, ఇల్లు, కాలేజీ, బంధువుల ముఖాలు చూపవద్దు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బాధితురాలు మరణించినా ఈ రక్షణ పోదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చనిపోయిన మనిషిపై నింద వేసినా పరువునష్టం కావచ్చు. చచ్చినవాడు కేసు వేయలేడనే ధైర్యంతో కథ అల్లవద్దు.

‘అంటున్నారు’, ‘ప్రచారం ఉంది’ అన్న మాటలు స్క్రిప్టులో ఎక్కడ ఉన్నా కొట్టివేయండి. అన్నవారెవరో తెలిస్తే చెప్పండి, తెలియకపోతే మానండి.

చార్జిషీటు చదివి ఆగవద్దు, తీర్పు పూర్తిగా చదవండి. డిఫెన్సు లాయరు వేసిన ప్రశ్నలు సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉంటాయి, వాటిని తెప్పించుకోండి.

రిటైరైన దర్యాప్తు అధికారి ఇంటర్వ్యూతో చిత్రాన్ని ముగించవద్దు. కోర్టు తోసిపుచ్చిన తన కథను నిలబెట్టుకోవలసిన అవసరం ఆయనకు ఉంటుంది.

థంబ్‌నెయిల్ మీద ఒక ముఖం, పక్కన ప్రశ్నార్థకం. అది కూడా వేలెత్తి చూపడమే.

అనుమానితుడి ముఖం మీద సంగీతం మార్చవద్దు. అది కూడా వేలెత్తి చూపడమే.

తల్లి ఏడుపును టీజర్‌లో వాడవద్దు.

కులం, రాష్ట్రం, భాష, వలస వచ్చిన సంగతి కేసుకు సంబంధం లేకుండా చెప్పవద్దు. నేపాలీ పనివాడు, బీహారీ కూలీ, బెంగాలీ పనిమనిషి అన్న మాటలతోనే సగం అనుమానం పుడుతుంది.

విచారణకు పిలిచి వదిలేసినవారి ముఖాలు అసలు చూపవద్దు. ఒక చిన్న పట్టణంలో ఇలా మూడు రోజులు ఠాణాలో ఉంచి పంపిన కుర్రవాడి ఫొటో ఒక పత్రిక మొదటి పేజీలో వచ్చింది. అతణ్ణి వదిలేసిన వార్త లోపలి పేజీలో మూడు పంక్తులు. ఆ మూడు పంక్తులు రాసింది నేనే. ఆరు నెలల తరువాత వెళ్లి చూస్తే అతని టైలరింగ్ షాపుకు తాళం వేసి ఉంది, కుటుంబం ఎటు వెళ్లిందో చుట్టుపక్కల ఎవరూ చెప్పలేకపోయారు.

వేలెత్తి చూపవద్దు. మీకు ఎంత నమ్మకం ఉన్నా చూపవద్దు. మీ దగ్గర నిజంగా కొత్త ఆధారం ఉంటే ముందు దర్యాప్తు సంస్థకు, కోర్టుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

సినిమా అమ్మే ముందు ఒప్పందం చదవండి. తీర్పు మారిన రోజున చిత్రాన్ని సవరించడానికి, అవసరమైతే ఉపసంహరించుకోవడానికి మీకు హక్కు ఇచ్చే షరతు అందులో లేకపోతే సంతకం పెట్టవద్దు.