ఆర్సీ కారులో వైర్లు వేడెక్కుతుంటే లోపాన్ని ఎక్కడ వెతకాలి?

బ్యాటరీతో నడిచే ఆర్సీ కారులో (రిమోట్‌తో నడిపే బొమ్మ కారులో) వైరు కాలుతోందని తెలియగానే చాలామంది ఆ వైరును తీసేసి అంతకంటే లావుపాటి వైరు వేస్తారు. కొన్నిసార్లు దానితో పని జరుగుతుంది. అయితే వేడి వైరులో పుడుతోందో, వైరు చివరనున్న అతుకులో పుడుతోందో తేల్చుకోకుండా చేసే మరమ్మతు డబ్బు దండగే అవుతుంది. చిత్తూరు పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కులు స్టార్టరు దగ్గర వైరు నల్లబడితే మొదట టెర్మినల్ స్క్రూ వదులైందేమో చూస్తారు, ఆ తర్వాతే కేబులు జోలికి వెళ్తారు. అరచేతిలో ఇమిడే బ్యాటరీతో నడిచే కారుకు కూడా ఆ వరుసే సరైనది.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త అవసరం. పొగ వచ్చినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఏమాత్రం ఉబ్బినట్టు కనిపించినా వెంటనే కనెక్టరు విడదీసి, బ్యాటరీని ఆరుబయట, మండే వస్తువులేవీ లేనిచోట పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీతో ఏ పరీక్షా చేయకూడదు, దాన్ని మళ్లీ ఛార్జింగులో పెట్టకూడదు.

బ్యాటరీ బాగానే ఉంటే కారును మామూలుగా నాలుగైదు నిమిషాలు నడిపి, ఆపి, కనెక్టరు తీసేసిన తర్వాత బ్యాటరీ నుంచి మోటారు దాకా వైరు పొడవునా వేలితో తాకుతూ రావాలి. బ్యాటరీ నుంచి వైరు బయటికొచ్చే చోటు, కనెక్టరు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె) మీద వైరు టంకం వేసిన చోటు, ఈఎస్‌సీ నుంచి మోటారుకు వెళ్లే వైర్లు, వాటి మధ్య ఉండే బుల్లెట్ కనెక్టర్లు, ఈ క్రమంలో చూడాలి. వేలును మూడు నాలుగు సెకన్లు కూడా ఆనించలేకపోతే అక్కడ వేడి ఇంచుమించు 60 డిగ్రీలు దాటిందనుకోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది కానీ, మెరిసే లోహం మీద అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి కనెక్టరు పిన్నుల మీద చిన్న కాగితపు టేపు ముక్క అంటించి ఆ టేపు మీద కొలవాలి.

వైరు పొడవునా ఒకే రకంగా వేడిగా ఉంటే రెండే కారణాలు: కరెంటు ఎక్కువైంది, లేదా ఆ కరెంటుకు వైరు సన్నమైంది. ఒక్కచోట చురుక్కుమని, అక్కణ్ణుంచి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గుతూ పోతే లోపం ఆ అతుకులో ఉంది. బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని) మోటారుకు వెళ్లే మూడు వైర్లలో ఒక్కటే వేడెక్కితే ఆ వైరు అతుకును అనుమానించాలి, మూడూ సమానంగా వేడెక్కితే మోటారు మీద భారాన్ని అనుమానించాలి.

ఈ తేడా ఎంత పెద్దదో చిన్న లెక్కతో తెలుస్తుంది. కరెంటును దానితోనే గుణించి, వచ్చినదాన్ని నిరోధంతో గుణిస్తే ఎంత వేడి పుడుతుందో వస్తుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 16 గేజి రాగి వైరుకు మీటరుకు సుమారు 13 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉంటుంది. రానూపోనూ కలిపి 30 సెంటీమీటర్ల వైరులో 40 ఆంపియర్లు పారితే ఆరు వాట్లకు పైగా వేడి ఆ పొడవంతా పంచుకుని పుడుతుంది. అదే పొడవు 12 గేజి వైరు వేస్తే అది రెండున్నర వాట్లకు దిగుతుంది. అయితే కనెక్టరులో పట్టు సడలి ఒక్క పిన్ను దగ్గరే 10 మిల్లీ ఓమ్‌లు తోడైతే అదే 40 ఆంపియర్లకు 16 వాట్ల వేడి చిటికెన వేలి గోరంత జాగాలో పుడుతుంది. ఇళ్లలో ఉండే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది కదా, కనెక్టరు ప్లాస్టిక్ ఎందుకు గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అనుమానించిన అతుకును రుజువు చేసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మామూలు మల్టీమీటరుతో 10 మిల్లీ ఓమ్‌లను నేరుగా కొలవలేం కానీ, ఆ అతుకు గుండా కొంత కరెంటు పారించి దాని రెండు కొసల మధ్య ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో కొలవవచ్చు. ఆటో స్పేర్ పార్టుల దుకాణంలో దొరికే 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఇందుకు చక్కగా పనికొస్తుంది. రెండు సెల్లుల లైపో మీద అది పూర్తి వెలుగు ఇవ్వకపోయినా మూడు, మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఈఎస్‌సీ స్విచ్ ఆపి ఉంచి, బల్బు తీగలను మొసలి క్లిప్పులతో ఈఎస్‌సీ మీద బ్యాటరీ వైర్లు టంకం వేసిన చోట్ల పట్టించి, క్లిప్పులు ఒకదానికొకటి తగలకుండా చూసుకున్నాకే బ్యాటరీ కలపాలి. ఇప్పుడు మీటరును 200 మిల్లీవోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు మీద కనెక్టరుకు అటొక మొన, ఇటొక మొన ఆనించాలి, తర్వాత నల్ల వైరు మీదా అలాగే చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కనెక్టరు మూడు నాలుగు మిల్లీవోల్టులకు మించి చూపించదు. ముప్పై కనిపించిందంటే దొంగ దొరికినట్టే. బల్బు గాజు క్షణాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి దాన్ని ముందుగానే ఇటుక మీదో, రాతి గట్టు మీదో పెట్టుకోవాలి.

లోపం కనెక్టరుదని తేలితే శుభ్రం చేసి సరిపెట్టుకోవడం కంటే కొత్తది వేయడమే మేలు, ఎందుకంటే ఒకసారి బాగా కాలిన పిన్ను స్ప్రింగు గుణం పోగొట్టుకుంటుంది, మళ్లీ బిగుతుగా పట్టదు. చౌక కార్లతో వచ్చే తెల్లటి టామియా కనెక్టరు తక్కువ కరెంటుకు ఉద్దేశించినది, మోటారు మార్చినవారు దాన్ని ఉంచుకోవడంలో అర్థం లేదు. ఎక్కువ కరెంటు తట్టుకునే ఎక్స్‌టీ60 కనెక్టరు గానీ ఈసీ3 కనెక్టరు గానీ వేసుకోవచ్చు. మార్చేటప్పుడు బ్యాటరీ వైపున్న రెండు వైర్లను ఒకే కత్తెర వేటుకు కత్తిరించకూడదు, కత్తెర అంచే రెండింటినీ కలిపేసి షార్టు చేస్తుంది. ఒక వైరు కోసి, టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడిగిన తర్వాతే రెండోదాన్ని ముట్టుకోవాలి.

12 గేజి వైరు వేడిని బాగా లాగేస్తుంది కనుక టంకం వేయడానికి 25 వాట్ల ఐరన్ చాలదు, 60 వాట్లది వెడల్పు మొనతో కావాలి. అది ఇంట్లో లేకపోతే మోటారు వైండింగ్ షాపులో అడిగితే సరి. వైరు కొసకు, పిన్ను గుంతకు విడివిడిగా టంకం పట్టించి, ఆ తర్వాత రెండింటినీ కలిపి వేడిచేయాలి. ఆ సమయంలో కనెక్టరుకు దాని జత కనెక్టరును తగిలించి ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకు ఒరగవు. చల్లారాక అతుకు నున్నగా, వైరు పోగుల ఆకారం తెలిసేలా ఉండాలి, గరుకుగా గడ్డకట్టినట్టుంటే మళ్లీ వేయాలి. టంకం వైరులోపలికి మరీ పాకినా మంచిది కాదు, ఆ గట్టిపడిన చోటే వైరు వంగి వంగి విరుగుతుంది.

వైరే సన్నమైందని తేలినప్పుడు కొనేది నిజంగా రాగేనా అని చూడాలి. అల్యూమినియం పోగులకు పైన రాగి పూత వేసిన వైరు బజారులో రాగి పేరుతోనే అమ్ముడుపోతుంది, దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. తిరుపతిలో దొరక్క చెన్నై రిచీ స్ట్రీటుకు వెళ్లి తెచ్చుకునేవారు అక్కడే ఒక పోగును బ్లేడుతో గీకి చూడడం మంచిది. పైన రాగిరంగు, లోపల తెలుపు అయితే అది అల్యూమినియం. పైన తెలుపు, లోపల రాగిరంగు అయితే తగరం పూసిన రాగి, దాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. పైపొర సిలికాన్‌ది అయి ఉండాలి, అది 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఇంటి వైరింగుకు వాడే పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీలకు ఉద్దేశించినది. వైరు మార్చేటప్పుడు వీలైనంత పొట్టిగా పెట్టుకోవాలి. బ్యాటరీ వైర్లు పొడుగైతే వేడితోపాటు ఈఎస్‌సీలోని కెపాసిటర్ల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది.

అతుకులు, వైర్లు రెండూ బాగుండి కూడా వేడి తగ్గకపోతే కారు చక్రాల వైపు చూడాలి. మోటారును కొద్దిగా వెనక్కి జరిపి పినియన్ గేరును (మోటారుకున్న చిన్న పళ్లచక్రాన్ని) విడదీసి చక్రాలను చేత్తో తిప్పితే, బిగుసుకున్న బేరింగు, ఇరుసుకు చుట్టుకున్న దారం, వెంట్రుకలు బయటపడతాయి. తిరిగి బిగించేటప్పుడు పినియన్‌కు, దానితో కలిసి తిరిగే పెద్ద పళ్లచక్రమైన స్పర్ గేరుకు మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితాన్ని లాగేస్తే పళ్ల మధ్య సరైన సందు మిగులుతుంది. రెండు సెల్లుల బ్యాటరీ నుంచి మూడు సెల్లులకు మారినవారు పినియన్‌లో పళ్లు తగ్గించకపోతే వైర్లు కాలడం సహజం. స్వర్ణముఖి నది ఎండిన ఇసుకలో నడిపేవారికి నా సలహా ఒక్కటే: తారు రోడ్డు మీద సరిపోయిన గేరును అక్కడ వాడవద్దు. ఇసుకలో చక్రం కూరుకుపోయి మోటారు దాదాపు ఆగిన స్థితిలో ఉన్నప్పుడే అది అత్యధిక కరెంటు లాగుతుంది. పైగా మే నెలలో మన ఊళ్లో గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది, జనవరిలో 55 దగ్గర ఆగిన కనెక్టరు అప్పుడు 70 చేరుతుంది.

మరమ్మతు అయ్యాక మొదట రెండు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు నడిపి అవే చోట్ల మళ్లీ తాకి చూడాలి, వీలైతే బల్బు పరీక్ష కూడా మళ్లీ చేసి మిల్లీవోల్టులను కనెక్టరు పక్కనే టేపు మీద రాసిపెట్టుకోవాలి. రెండు మూడు నెలల తర్వాత ఆ అంకె రెట్టింపైతే ప్లాస్టిక్ రంగు మారేదాకా ఆగకుండా కనెక్టరు మార్చేయవచ్చు.