కొండకు నడిచి వెళ్తున్నారా? చీకటి పడకముందే బస చేరండి

ధనుర్మాసం వస్తే కావలి, కోవూరు వైపుల నుంచి పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడిచేవాళ్లు హైవే ఎక్కుతారు. అందరూ కాళ్ల బొబ్బలకు మందేమిటని అడుగుతారు. బొబ్బలు నాలుగు రోజుల్లో మానిపోతాయి. నాకు భయమంతా తెల్లవారుజామున ఆ 16వ నంబరు జాతీయ రహదారి అంటేనే.

ఎండ పడకుండా చాలామంది మూడింటికే లేచి నడక మొదలుపెడతారు. రాత్రంతా లారీ తోలిన డ్రైవరుకు కునుకు పట్టే వేళా అదే. పైగా మంచు. ఈ రోజుల్లో ఆరున్నరకు గానీ పొద్దు పొడవదు. దయచేసి వెలుతురు వచ్చాకే కదలండి.

నెల్లూరు వైపు నడిచేటప్పుడు, ఒంగోలు వైపు వెళ్లే బండ్లు వచ్చే రోడ్డు అంచున, వాటికి ఎదురుగా, తారు దిగి మట్టి మీద నడవండి. ఎదురొచ్చే బండి కనపడితే తప్పుకోవచ్చు, వెనక నుంచి వచ్చేది కనపడదు. సర్వీసు రోడ్డు ఉంటే ఇక హైవే వద్దు. ఒకరి వెనక ఒకరు నడవాలి. గోవింద నామాల మైకు హారన్ వినపడేంత తగ్గించండి. పసుపు బట్ట చీకట్లో రేడియంలా మెరవదు, ముందూ చివరా నడిచేవాళ్లకు రేడియం జాకెట్ వేయండి. సామాన్ల ఆటోను తారు మీద ఆపొద్దు.

రెండేళ్ల కిందట కోవూరు దగ్గర మాతో వచ్చిన ఒక పెద్దాయన టీ కోసం డివైడర్ దాటబోయాడు. వెనకున్న కుర్రాడు కండువా పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ దడే. అండర్‌పాస్ ఎంత దూరమున్నా అక్కడే దాటండి.

రాత్రిపూట నడిచేవాళ్లలో చాలామందికి బస కుదరకే ఆ తిప్పలు. రోజుకు పాతిక కిలోమీటర్లు లెక్కేసుకుని, ఏ ఊళ్లో గుడి, సత్రం, కళ్యాణ మండపం ఉన్నాయో వారం ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, గేటు ఉన్నాయా అని అడగండి. బస్ స్టాపులో, ఆగిన లారీ పక్కన, పెట్రోలు బంకు ఆవరణలో మాత్రం పడుకోవద్దు.

నాయుడుపేటలో చెన్నై హైవే వదిలి శ్రీకాళహస్తి దారి పడతాం. అలిపిరి చేరేసరికి ఇక చేరిపోయామనిపిస్తుంది, పిల్లల చేయి వదిలేస్తాం. 2023 ఆగస్టులో ఆ మెట్ల దారిలో చిరుతకు బలైన పాప మన నెల్లూరు జిల్లా బిడ్డే. పిల్లలు మధ్యలో, పెద్దలు ముందూ వెనకా నడవాలి. పిల్లలను ఏ వేళ వరకు అనుమతిస్తున్నారో ముందే కనుక్కోండి.

ప్రతి ఒక్కరి జేబులో పేరు, ఇంటి ఫోన్ నంబరు, వాడే మందులు రాసిన చీటీ ఉండాలి. దాని వెనక 108, హైవే సాయానికి 1033 రాయండి.