బర్మారు నమూనా – పాఠం 3: వార్నిష్ దించి నూనె పట్టించడం

బర్మారు అంటే మూతి నుంచి తుపాకీ మందు కూరి పేల్చే పాతకాలం తుపాకీ. నాటకంలో పట్టుకోవడానికి దాని నమూనా కొనేటప్పుడు ఏం చూడాలో పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఒక్కటి మళ్లీ చెప్తా, ఎందుకంటే ఇక్కడ తప్పితే కేసే. గొట్టం లోపల తొలిచి, అడుగున మందు అంటుకునే రంధ్రం ఉంటే అది నమూనా కాదు, తుపాకే. మూతి నుంచి మందు కూరే పాత రకమైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. మనకు కావాల్సింది గొట్టం పూడ్చేసిన, పేలని నమూనా. అదైనా బిల్లు దగ్గర పెట్టుకుని, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి, బట్టలో చుట్టి తెచ్చుకోండి.

ఇక కట్టె సంగతి. అసలు బ్రౌన్ బెస్ తుపాకులకు, అంటే బ్రిటిష్ సైన్యం వాడిన ఈ రకం పాత తుపాకులకు, వాల్‌నట్ కర్ర వాడేవాళ్లు. మన దగ్గర తయారయ్యే నమూనాలకు ఎక్కువగా టేకు, దాని మీద అద్దంలా మెరిసే మందపాటి వార్నిష్. 1946–51 సాయుధ పోరాటం మీద మా నల్లగొండ పిల్లలు వేసే నాటకంలో అలాంటిది పట్టుకుంటే బొమ్మలాగే కనిపిస్తుంది, నాకైతే చూడబుద్ధి కాదు.

ముందు గొట్టం, ఇనుప సామాను విప్పేయండి. వార్నిష్ దించడానికి వడ్లాయన గాజు పెంకు అంచుతో గీకుతాడు, చేతికి గ్లౌజు ఉంటే మీరూ చేయొచ్చు. తర్వాత 120 నంబరు ఉప్పు కాగితం, ఆపైన 180, 240, ఎప్పుడూ కర్ర గీతల వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గాట్లు నూనె పట్టాక బయటపడతాయి. టేకు పొడి గొంతులో దురద పెడుతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. 240 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నూగులా పోగులు లేస్తాయి. ఆరనిచ్చి 320తో తేలిగ్గా తీసేయండి. టేకులో సొంత నూనె ఉంటుంది కాబట్టి చివర్లో థిన్నర్ గుడ్డతో తుడవడం మర్చిపోవద్దు, లేకపోతే మన నూనె సరిగ్గా ఆరదు.

పెయింట్ల షాపులో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అడగండి, అంటే అవిసె నూనే. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని కర్ర వెచ్చబడేదాకా రుద్దండి, పావుగంట ఆగి మిగిలినదంతా తుడిచేయండి. ఒక రోజు ఆరాకే రెండో పూత. ఇలా ఐదారు పూతలు. ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకే పూత పల్చగా ఉండాలి. నేను మొదటిసారి ఆత్రంగా, అదీ ముసురులో, మందంగా పూశాను. వారమైనా చేతికి జిగురే, మళ్లీ మొత్తం గీకాల్సి వచ్చింది. అలాగని మే ఎండలో పెట్టకండి, కర్ర పగులుతుంది. నీడలో, గాలి ఆడే చోట ఆరాలి.

నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి, నిప్పు లేకుండానే అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

వచ్చే పాఠంలో ఇత్తడి సామాను, చింతపండుతో ఎంతవరకు తోమొచ్చో చూద్దాం. అప్పటిదాకా విప్పిన మరలన్నీ ఒక డబ్బాలో వేసి ఉంచండి.