కాలి ఎముక నొప్పితో పరుగుకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

మోకాలికీ చీలమండకూ మధ్య, కాలి ఎముక లోపలి అంచు వెంబడి వారాల తరబడి వేధించే నొప్పి ఉన్నవారు, బూట్లు తొడుక్కునే ముందే ఆ ఎముకను పైనుంచి కిందికి బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూసుకోవాలి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే, అది సాధారణంగా ఎముకపై, దానిని అంటుకున్న కండరాలపై ఒత్తిడి పెరిగినందువల్ల వచ్చినదే. అలా కాక వేలికొనంత చోట మాత్రమే చురుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా, ఎముకలో సన్నని పగులు ఏర్పడి ఉండవచ్చు కనుక పరుగు మానుకుని వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి. తొలినాళ్లలో ఇటువంటి పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందన్న ఒక్క ధైర్యంతో తిరిగి పరుగెత్తడం మంచిది కాదు.

నొప్పి మాత్ర వేసుకుని బయలుదేరకూడదు. ఈ విషయంలో మినహాయింపు ఉండరాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఇక ఆగమని హెచ్చరించే నొప్పినే ఆ మాత్ర అణచివేస్తుంది.

బూట్ల అడుగుభాగం ఒకవైపే అరిగిందేమో చూసుకోవాలి. 5 నుంచి 10 నిమిషాలు చురుగ్గా నడిచాక, నొప్పి అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది అని లెక్కవేసుకుని, అది మూడు మించిందనిపిస్తే ఆ పూటకు నడకతోనే సరిపెట్టుకోవాలి. దూరం వెళ్లిపోయి కుంటుతూ తిరిగి రావలసిన అవసరం లేకుండా, ఇంటికి దగ్గరలోనే చుట్లు తిరిగే దారిని ఎంచుకోవడం మేలు.