గ్రీజును ఏది బాగా వదిలిస్తుందో కాంటా మీద తేల్చుకోవడం ఎలా?

కాజీపేట నుంచి హన్మకొండ దాకా ఏ షెడ్డులో అడిగినా థిన్నర్ మంచిదని ఒకరు, గాసునూనెను (కిరోసిన్‌ను) మించింది లేదని ఇంకొకరు అంటారు. రుజువు అడిగితే పార్టును బనీను గుడ్డతో తుడిచి "చూడు ఎట్ల మెరుస్తుందో" అంటారు. పలచటి ఆయిల్ పొర ఉన్న ఇనుము కూడా బాగానే మెరుస్తుంది కదా! అందుకే నేను తూకం తప్ప ఇంకేదీ నమ్మను.

కావలసినవి: మిల్లీగ్రాము దాకా చూపించే బంగారం కాంటా, గాజు సీసాలు, తీగ కొక్కెం, 30 నంబర్ పాన పట్టే కొత్త నట్లు. ఒక్కో ద్రావకానికి మూడు నట్లు పెట్టండి, ఒక్కటి పెట్టి తీర్పు చెప్పొద్దు. పెట్రోల్ జోలికి అసలు పోవద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతూ పోయి ఎక్కడో ఉన్న వెల్డింగ్ రవ్వను అందుకుంటుంది. థిన్నర్, అసిటోన్ కూడా ఆరుబయటే వాడండి.

శుభ్రమైన నట్టు తూచి రాసుకోండి. గ్రీజు పూసి, ఒక రాత్రి ఉంచి మళ్లీ తూచండి. వంద మిల్లీలీటర్ల ద్రావకంలో ఐదు నిమిషాలు ముంచి తీయండి. ప్రతి నట్టుకూ ద్రావకం కొత్తది పోయాలి, గ్రీజు కూడా అన్నిటికీ ఒకే డబ్బాలోది. చేతితో ముట్టొద్దు, వేలికుండే జిడ్డు కూడా కాంటా ఎక్కుతుంది.

అందరూ బోల్తా పడేది ఆరబెట్టే దగ్గరే. పైకి పొడిగా కనిపిస్తే ఆరిందనుకుంటారు. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి తొందరగా ఎగిరిపోతుంది, కిరోసిన్ మరగడమే 150 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, నట్టు లోపలి మరల (థ్రెడ్ల) సందుల్లో గంటల తరబడి అట్లాగే కూర్చుంటుంది. దాన్ని అట్లాగే తూస్తే ఆ కిరోసిన్ బరువును మీరు గ్రీజు ఖాతాలో రాసేస్తారు. మొదట్లో నేనూ అట్లాగే రాసుకుని, ఒక ఏడాది పాటు కిరోసిన్‌ను ఊరికే తిట్టుకున్నాను.

కాబట్టి పది నిమిషాలకోసారి తూచండి. 64.251, 64.243, 64.237 అంటూ చివరి అంకె మెల్లగా దిగుతుంటుంది. వరుసగా రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా రాసుకోవద్దు, రాత్రయినా సరే.

ఇది తట్టుకోలేక కొందరు ఎండలో పెడతారు. మా మే నెల ఎండకు రేకు మీద పెడితే తొందరగానే ఆరుతుంది, అది నిజమే. కానీ వేడి నట్టును కాంటా మీద పెడితే చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కాంటా తక్కువ చూపిస్తుంది. నీడలో అరగంట చల్లారనివ్వండి. వానాకాలంలో కథ తిరగబడుతుంది: అసిటోన్ ఎగిరిపోతూ నట్టును చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీద పడుతుంది, బరువు ఎక్కువ వస్తుంది. తూచేటప్పుడు ఫ్యాన్ బంద్ చేయాలని వేరే చెప్పాలా!

లెక్క సులువే. శుభ్రమైన నట్టు 64.210 గ్రాములు, గ్రీజుతో 64.690, కడిగి ఆరాక 64.234. పూసింది 0.480, పోయింది 0.456, అంటే 95 శాతం. వంద దాటితే సంబరపడొద్దు, పైపూతో తుప్పో కూడా ఊడి ఉంటుంది, లేదా నట్టు ఇంకా వేడిగా ఉండి ఉంటుంది.

పెయింట్ వేసే పార్టులకైతే చివర్లో బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) పోసి చూడండి. నీళ్లు తెగకుండా పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టే, చుక్కలుగా విడిపోతే ఇంకా ఉంది. సబ్బునీళ్లతో కడిగిన పార్టుకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, మిగిలిపోయిన సబ్బు జిడ్డు మీద కూడా నీళ్లను పరిచేస్తుంది.