పోటీలు ముగిసి బోసిపోయిన స్టేడియాలను చూసి రావడం ఎలా?

జాతర మర్నాడు గుడి ముందరి మైదానం ఎలా ఉంటుందో మనకు తెలుసు. అంతర్జాతీయ పోటీలు వెళ్ళిపోయిన స్టేడియాలూ అంతే. చెన్నైలో ఉన్నవి పూర్తిగా పాడుబడినవి కావు. సందడి తగ్గినా ప్రాణం పోలేదు. నాకు అలాంటివే ఎక్కువ ఇష్టం.

ముందుగా ఒక్క పోటీని ఎంచుకోండి. అన్నీ ఒకే రోజు చూడాలనుకుంటే ఏదీ మనసుకు పట్టదు. 1995 డిసెంబరులో దక్షిణాసియా క్రీడలు ఇక్కడే జరిగాయి. అప్పటికి ఊరి పేరు ఇంకా మద్రాసే. ఆ క్రీడల జాడ వెతకాలంటే రిప్పన్ భవనం వెనుకనున్న నెహ్రూ స్టేడియంతో మొదలుపెట్టి, మరో రోజు వేళచ్చేరి ఈతకొలనుకు వెళ్ళండి.

టెన్నిస్ ఇష్టమైతే నుంగంబాక్కం స్టేడియం చూడండి. 1997 నుంచి 2017 దాకా ప్రతి ఏడాదీ పురుషుల చెన్నై ఓపెన్ అక్కడే జరిగింది. స్విట్జర్లాండ్ ఆటగాడు వావ్రింకా నాలుగుసార్లు గెలిచిన కోర్టు అది. తర్వాత ఆ టోర్నీ పుణెకు తరలిపోయింది. 2022 సెప్టెంబరులో మహిళల టోర్నీ వచ్చేదాకా ఆ స్థాయి ఆట మళ్ళీ లేదు. ఆ మధ్యకాలంలో ఒక సాయంత్రం వెళ్ళాను. ఎండకు వెలిసిపోయిన కుర్చీల మీద వరుస సంఖ్యలు సగం చెరిగిపోయాయి. పక్క కోర్టులో పదేళ్ళ పాప ఒకతే సర్వీసు సాధన చేస్తోంది. బంతి నేలను తాకిన ప్రతిసారీ ఆ చప్పుడు ఖాళీ వరుసల్లోంచి తిరిగి వినబడేది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

లోపలికి వెళ్ళేది గేటు గుండానే. గోడ దూకడం, చిరిగిన కంచెలోంచి దూరడం వద్దే వద్దు. ఇవి ప్రభుత్వ ఆస్తులు, రోజూ పిల్లలు శిక్షణ పొందే చోట్లు. వాచ్‌మన్‌ను "అన్నా" అని పిలవండి, తమిళంలోనూ తెలుగులోనూ అదే మాట. ఎందుకు వచ్చారో నిజం చెప్పండి. కాదంటే కార్యాలయంలో అడగండి, అక్కడా కుదరకపోతే మరో రోజు రండి. పిల్లల ఫోటోలు మాత్రం పెద్దల అనుమతి లేకుండా తీయకండి.

ఆనాటి పత్రికల ఫోటో ఒకటి ఫోనులో పెట్టుకుని వెళ్ళండి. ఫోటోగ్రాఫర్ నిలబడిన చోటు వెతికి మీరూ అక్కడే నిలబడండి. ఏ గోడ మారింది, ఏ చెట్టు పెరిగింది అన్నది అప్పుడే కంటికి కనబడుతుంది. తుప్పుపట్టిన రెయిలింగులకు ఆనుకోకండి, గట్టి చెప్పులు వేసుకోండి, చీకటి పడకముందే బయటికి రండి.

విదేశాలకు వెళ్ళేవారికి ఒక హెచ్చరిక. బోస్నియా రాజధాని సరయేవో దగ్గర త్రెబెవిచ్ కొండ మీద 1984 శీతాకాల ఒలింపిక్స్ నాటి బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండ్ల పందెం) కాంక్రీటు దారి ఉంది. 1992లో మొదలైన యుద్ధంలో ఆ కొండపై మందుపాతరలు పెట్టారు. కాలిబాట వదిలి పొదల్లోకి అడుగు పెట్టకూడదు.

వాచ్‌మన్ ఏదైనా కథ చెబితే, బయట టీ కొట్టు దగ్గరే కూర్చుని రాసుకోండి. ఇంటికి చేరేసరికి సగం మరిచిపోతాం.