వలస వెళ్లే పిల్లల చదువు ఆగకుండా చూడడం: బడిలో సామాజిక కార్యకర్త చేయవలసిన పని

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ముఖ్యంగా కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో, మిరప కోతల కాలం వచ్చేసరికి కూలి కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి. వారి వెంట బడి పిల్లలూ వెళ్లిపోతారు. ఇటువంటి చోట పనిచేసే సామాజిక కార్యకర్త ఉపాధ్యాయులతో కలిసి వారానికొకసారైనా హాజరు పట్టీ చూడాలి. వరుసగా మూడు నాలుగు రోజులు రాని పిల్లల ఇంటికి ఆ వారంలోనే వెళ్లాలి. ఆలస్యమైతే ఆ ఇంటికి తాళమే కనిపిస్తుంది.

తల్లిదండ్రులు పనినుంచి తిరిగి వచ్చే సాయంత్రం వేళ వెళ్లడం మంచిది. వెళ్లగానే చట్టం చెప్పకుండా, కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారో, ఎన్నాళ్లకు తిరిగి వస్తారో, చంటిబిడ్డను ఎవరు ఎత్తుకుంటున్నారో ఓపికగా అడిగి తెలుసుకోవాలి. చాలా ఇళ్లలో పెద్దపిల్ల బడి మానడానికి ఆ చంటిబిడ్డే కారణం. "మేము పోతే పిల్లను ఎవరికాడ ఇడిసి పోవాల సార్?" అని తల్లి అడిగితే, దానికి జవాబు చూపించగలిగినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది. అవ్వాతాతల దగ్గర ఉంచడం, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలస కాలంలో పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టల్, ఐదో తరగతి దాటిన ఆడపిల్లకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం (ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల) వంటి మార్గాల గురించి, కుటుంబం మూట కట్టకముందే మండల విద్యాధికారితో మాట్లాడి ఉంచుకోవాలి.

అప్పటికే వెళ్లి తిరిగి వచ్చిన పిల్లల విషయంలో 2009 విద్యాహక్కు చట్టం గట్టి అండ. టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అయితే పేరు రాయించడంతో పని తీరిపోదు. నా ఉద్దేశంలో మొదటి వారమే అత్యంత కీలకం. ఆ పిల్లవాడిని అదే వీధి స్నేహితుడి పక్కన కూర్చోబెట్టమని, "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు?" అని అందరి ముందూ నిలదీయవద్దని ఉపాధ్యాయులను ముందుగానే కోరాలి.

వలస వెళ్లిన చోట లైంగిక వేధింపు జరిగిందని బిడ్డ చెబితే, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వవద్దు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బాలల సహాయవాణి 1098కు ఫోన్ చేసి సహాయం కోరవచ్చు. బిడ్డ పేరు మాత్రం బడిలో గానీ ఊళ్లో గానీ పొక్కనీయకూడదు.